తీగలు కలిసిన చోటు

ఓపల్ తాను ఉండే ట్రైలర్ ముందు తాడు మీద తువ్వాళ్లు ఆరవేస్తుండగా డెల్మర్ ఆమెను అడగకుండానే ఆమె జాగాలోకి వచ్చాడు. చేతుల్లో రెండు తీగలున్నాయి. కోట్లు తగిలించే తీగలనే విరిచి, పిడి దగ్గర వంచి చేసుకున్నవి. వాటిని ముందుకు చాచి, గడ్డి మీద చూపు నిలిపి, ఒక్కొక్క అడుగే వేస్తూ అతడు నారింజ చెట్టు దాటాడు, సిమెంటు అరుగు దాటాడు, ఆమె వంటగది కిటికీ కిందికి వచ్చి ఆగాడు. అక్కడ తీగలు రెండూ లోపలికి తిరిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

“ఇక్కడే,” అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నది కాదు. వెనకాల కాఫీ కప్పులు పట్టుకుని నిలబడిన గుంపుతో అన్నది.

ఓపల్ చేతిలోని తువ్వాలును తాడు మీద వేయలేదు, బుట్టలోనూ పెట్టలేదు. నేను పక్క జాగాలో నా ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాను.

మేం చలికాలం గడిపే ఈ ట్రైలర్ల పార్కులో భూమి కింద ఎక్కడో నీళ్ల పైపు పగిలింది. ఆ ఏడాది ఇక్కడి నది లోయలో వానలు లేవు, నది సన్నబడింది. ఊరికి నీళ్లిచ్చేవాళ్లు ప్రతి మీటరూ అనుమానంగా చూస్తున్నారు. అందరూ పడుకున్నాక కూడా మా పార్కు మీటరు ముల్లు ఆగకుండా తిరుగుతోందని, ఈ వారంలోగా కారే చోటు పట్టుకోకపోతే సరఫరా ఆపేస్తామని కబురు పెట్టారు. పార్కు యజమాని ఎక్కడో హ్యూస్టన్‌లో ఉంటాడు. తవ్వే యంత్రాన్ని శుక్రవారం ఒక్కరోజుకు పంపుతానని, ఎక్కడ తవ్వాలో మమ్మల్నే తేల్చుకోమని మేనేజరు నెల్డాతో చెప్పాడు.

తేల్చే పని డెల్మర్ తన మీద వేసుకున్నాడు. పార్కు నివాసుల సంఘానికి అతడే పెద్ద. ఉత్తర డకోటాలో ధాన్యం గాదెలు అమ్మిన మనిషి. గొంతు గట్టిది, చేయి ఇంకా గట్టిది. తీగలు పట్టి భూమిలో నీళ్లు చూడటం మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. డకోటాల్లో, మినసోటాలో, మానిటోబాలో బావి తవ్వే ముందు తీగ పట్టే మనిషిని పిలవని ఇల్లు అరుదు. మంచు తప్పించుకోవడానికి టెక్సస్ దక్షిణపు కొసకు వచ్చే ముసలివాళ్లం మేమంతా ఆ నమ్మకాన్ని కూడా దుప్పట్లతో, గిన్నెలతో పాటు బండిలో వేసుకుని వస్తాం. మా వాళ్ల ముందు దేవుణ్ణి అనుమానిస్తే నవ్వి ఊరుకుంటారు. తీగలను అనుమానిస్తే భోజనానికి పిలవడం మానేస్తారు.

నేను వాటిని అనుమానించేవాణ్ణి. ఉద్యోగమంతా భూసార పరీక్షల్లోనే గడిచింది, పొలాల కింద ఏముందో తవ్వి, తూచి, కొలిచి చెప్పడమే నా పని. ఆ కారణానికే డెల్మర్ నన్ను ‘ప్రొఫెసర్’ అనేవాడు. నేనెప్పుడూ పాఠం చెప్పలేదని అతనికి తెలుసు.

ఓపల్ జాగా సంగతి కొంచెం చెప్పాలి. చివరి వరుసలో మూలది అది. పక్కనే పొలాలకు నీళ్లు వెళ్లే కాలువ ఉంటుంది. మధ్యాహ్నం రెండు మెస్కీట్ చెట్ల నీడ పడుతుంది. రోడ్డు చప్పుడు వినపడదు. పార్కులో అందరి కన్నూ దాని మీదే. ఇక్కడి ఆచారం ఏమిటంటే, ట్రైలర్ కదలనంత కాలం జాగా వాళ్లదే, వేసవిలో తాళం వేసి వెళ్లినా సరే. చక్రం ఒక్కసారి జాగా దాటిందా, అది ఆఫీసు చేతికి పోతుంది, ఆఫీసు నుంచి ఎదురుచూసేవాళ్లలో మొదటివాడికి పోతుంది. ఎవరికైనా ఒకటే లెక్క, మినహాయింపుల్లేవు. ఓపల్ భర్త హార్లన్ ఆ ట్రైలర్‌ను అక్కడ నిలబెట్టిన తర్వాత అది మళ్లీ కదలలేదు, చక్రాలు నేలలోకి దిగిపోయాయి. హార్లన్ పోయిన వసంతంలో చనిపోయాడు. ఆమె ఒంటరిగా వచ్చిన మొదటి చలికాలం ఇది.

వంటగది కిటికీ కింద తవ్వాలంటే ట్రైలర్‌ను బయటికి లాగాలి. ఎదురుచూసేవాళ్లలో మొదటివాడు లైల్, డెల్మర్ భార్యకు తమ్ముడు. అతడి ట్రైలర్ హైవే పక్కన, చెత్త డబ్బాల ఎదురుగా ఉంది.

ఆ మధ్యాహ్నమే హాల్లో కాఫీ దగ్గర నేను మాట తీశాను. పైపులు వరుస వరుసకూ వేరుగా ఉన్నాయి కనుక, ఒక్కో వరుస వాల్వు కట్టి గేటు దగ్గరి మీటరు చూస్తే చాలన్నాను. ఏ వాల్వు కట్టినప్పుడు ముల్లు ఆగుతుందో పగులు ఆ వరుసలోనే ఉంటుంది. దీనికి తీగలు అక్కరలేదు, ఎవరి ట్రైలరూ కదలక్కర్లేదు. అందరూ విన్నారు. తర్వాత ఒకాయన, అలా చేస్తే పగలంతా నీళ్లుండవు కదా అన్నాడు. ఇంకొకావిడ శుక్రవారం చేపల విందు ఉందని గుర్తుచేసింది. వాల్వులు పాతవి, తిప్పితే విరుగుతాయని డెల్మర్ తేల్చేశాడు.

“ప్రొఫెసర్, జీతం తీసుకున్నన్నాళ్లూ మట్టిని సీసాల్లో పోసి చూశావు. ఒక్క బావి అయినా తవ్వించావా?”

“తవ్వించలేదు. తవ్వి నీళ్లు పడక పూడ్చిన గుంటలు మాత్రం చాలా చూశాను. వాటి గురించి మీరెవరూ చెప్పుకోరు.”

“అంటే నేను అబద్ధాలకోరునా?”

“నువ్వు కాదు. నీ తీగలకే నీళ్లకంటే మీ బావమరిది మీద ప్రేమ ఎక్కువ.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. లైల్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నా భార్య ఐరీన్ బల్ల కింద నా మోకాలి మీద చేయి వేసి నొక్కింది. కానీ మాట అప్పటికే దాటిపోయింది.

డెల్మర్ మోసగాడని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. తీగ పిడికిట్లో వదులుగా ఉంటుంది. మణికట్టు వెంట్రుకవాసి వంగినా అది తిరుగుతుంది. మనసు ఒక చోటు కోరుకుంటే చేయి తనకే తెలియకుండా అటు వంగుతుంది. పట్టుకున్నవాడు తాను తిప్పలేదని ప్రమాణం చేసి చెప్పగలడు, ఆ ప్రమాణం నిజమే అవుతుంది. ఈ సంగతి పరీక్షించడం తేలిక. కళ్లకు గంతలు కట్టి అదే నేల మీద నడిపిస్తే చాలు. డెల్మర్ వెంటనే ఒప్పుకున్నాడు. అంత నమ్మకం అతనికి.

మర్నాడు ఓపల్ జాగాలోనే ఆ పరీక్ష జరిగింది. ఐరీన్ వంటగది తువ్వాలుతో అతని కళ్లు కట్టాను. నెల్డా అతని భుజం పట్టుకుని గుండ్రంగా తిప్పి వదిలింది. మొదటిసారి తీగలు నా ట్రైలర్ వెనక చక్రం దగ్గర కలిశాయి. రెండోసారి కాలువ గట్టు మీద. ఆ తర్వాత చెట్టు మొదట్లో, ఆ తర్వాత రోడ్డు మధ్యలో. వంటగది కిటికీ కింద నుంచి రెండుసార్లు నడిచినా తీగలు చెక్కు చెదరలేదు.

నేను ఊహించని విషయం ఆ తర్వాత జరిగినది. ఎవరి మనసూ మారలేదు. కళ్లు కడితే ఎవరికైనా తల తిరుగుతుందన్నారు. కళ్లు కట్టుకుని కారు నడపమంటే నడుపుతావా అని ఒకాయన నన్ను అడిగాడు. ముసలివాణ్ణి పదిమంది ముందు గుడ్డివాణ్ణి చేసి ఆడించానని ఆడవాళ్లు అనుకున్నారు. సాయంత్రం పేకాట బల్ల దగ్గరికి వెళితే నా కుర్చీలో వేరొకరు ఉన్నారు, లేవలేదు. ఐరీన్ ఓవెన్లో కాల్చి తీసుకెళ్లిన కోడికూర పళ్లెం ఉమ్మడి భోజనం నుంచి మూత తీయకుండా తిరిగి వచ్చింది. ఆమె దాన్ని ఫ్రిజ్‌లో పెడుతూ నా వైపు చూడలేదు. ఇరవై గుమ్మాల మధ్య ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత దగ్గరగా బతికే చోట పలకరింపు ఆగిపోవడం అంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఓపల్ మాత్రం ఆ రాత్రి మా గుమ్మం దాకా వచ్చి, నా ప్రయత్నానికి థాంక్స్ చెప్పి, లోపలికి రమ్మంటే రాకుండా వెళ్లిపోయింది. వెళ్తూ ఒక మాట అడిగింది. డెల్మర్ తీగలు తప్పంటున్నానా, అసలు తీగలే తప్పంటున్నానా అని. నేను అలసిపోయి ఉన్నాను. డెల్మర్‌వి ఖాయంగా తప్పు అన్నాను. ఆమె తల ఊపింది.

గురువారం పొద్దున, మర్నాటి పని కోసం, తవ్వే యంత్రం ట్రక్కు మీద వచ్చి గేటు దగ్గర దిగింది. ట్రైలర్‌ను సాయంత్రంలోగా లాగడానికి ఏర్పాట్లు చేయాలని నెల్డా ఓపల్‌తో చెప్పడానికి బయలుదేరింది. ఆమె గుమ్మం చేరేలోపే తలుపు తెరుచుకుంది.

ఓపల్ చేతుల్లో రెండు వెల్డింగ్ కడ్డీలున్నాయి. పిడి దగ్గర సైకిలు రబ్బరు చుట్టి ఉంది, ఆ రబ్బరు అరిగి నున్నబడింది. ఆ కడ్డీలు ఎవరివో అక్కడ చాలామందికి తెలుసు. హార్లన్ తన జిల్లాలో నీళ్లు చూసేవాడు. నాలుగు ఊళ్ల బావులు అతడు చూపించినవే. అతడు చూపించిన చోట నీళ్లు పడలేదన్న మాట ఎవరూ వినలేదు.

“మిస్ ఓపల్, ఇప్పుడు ఇదంతా ఎందుకు,” అంది నెల్డా మెల్లగా.

“నా చోటు తవ్వేముందు నేనూ ఒకసారి చూడాలి కదా, అమ్మాయ్.”

ఆమె నడిచింది. మెట్లు దిగి, మా వరుస దాటి, మూడో వరుసలోకి మళ్లింది. వెనకాల ఒకరొకరుగా జనం చేరారు. హార్లన్ పట్టిన కడ్డీలు పట్టుకుని అతని భార్య నడుస్తుంటే టోపీలు తీసినవాళ్లను కూడా చూశాను. డెల్మర్ ఇంటి ముందుకు వచ్చేసరికి కడ్డీలు వణికాయి. రెండు చలికాలాలు కష్టపడి అతడు కట్టుకున్న చెక్క వసారా అక్కడ ఉంది, దోమతెరలు, కప్పు, పంకా, అన్నీ ఉన్నాయి. దాని అంచు మీద కడ్డీలు గట్టిగా ఒకదాన్నొకటి దాటి నిలిచాయి.

“ఇక్కడ,” అంది ఓపల్.

ఇది ఎత్తు అనుకున్నాను. డెల్మర్ ఆయుధాన్నే డెల్మర్ మీదికి తిప్పింది అనుకున్నాను. లోలోపల మెచ్చుకున్నాను కూడా.

గుంపు అప్పటికే అటు వాలిపోయింది. హార్లన్ కడ్డీలు ఎప్పుడూ తప్పలేదని ఒకడు, వసారా పలకలు ఊడదీయడం గంట పని అని మరొకడు. నిన్న నన్ను తప్పుబట్టిన నోళ్లే ఇవి. డెల్మర్ మెడ ఎర్రబడింది. వెల్డింగ్ కడ్డీలో ఇనుము ఉంటుంది, గ్యాసు గొట్టానికి కూడా తిరుగుతుందన్నాడు. ఒకరి కడ్డీలు మరొకరి చేతిలో పలకవన్నాడు. ఎవరూ వినలేదు. అప్పుడతని కన్ను నా మీద పడింది.

“నువ్వు చెప్పు ప్రొఫెసర్. నిన్న నా తీగలు ఉత్తవన్నావు. ఆవిడవి నిజమా?”

ఐరీన్ నా చొక్కా వెనక నుంచి లాగింది. ఏం చేయాలో నాకు తెలుసు. నోరు మూసుకుంటే చాలు. వసారా కింద తవ్వుతారు, ఏమీ దొరకదు, ఒక్కరోజుకే వచ్చిన యంత్రం వెళ్లిపోతుంది, ఓపల్ జాగా ఆమెకే ఉంటుంది. ఆమె నా వైపు చూస్తోంది, ధైర్యంగా, ఏ వేడికోలూ లేకుండా. కానీ ఏమీ దొరక్కపోతే సోమవారానికి పార్కు మొత్తానికి నీళ్లు ఆగిపోతాయి. పైగా డెల్మర్ అడిగినది న్యాయమైన ప్రశ్న. న్యాయమైన ప్రశ్న నాకు ఇష్టంలేని నోటి నుంచి వచ్చినంత మాత్రాన జవాబు మారదు.

“లేదు,” అన్నాను. “అవి కూడా ఏమీ చెప్పవు.”

ఓపల్ చేతులు దించింది. కడ్డీలు గడ్డికి తగిలాయి.

“విన్నారుగా,” అన్నాడు డెల్మర్, ఎంతో తేలిక పడి. “సైన్సు తెలిసిన మనిషి చెబుతున్నాడు. ఊరికే ఎక్కడబడితే అక్కడ తవ్వితే ఎలా. అర్విడ్ చెప్పినట్టు వాల్వులు కట్టి చూద్దాం.”

అతడు నన్ను నా పేరుతో పిలిచిన మొదటిసారి అది.

వాల్వులు ఒక్కటీ విరగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి ఒక్కో వరుసా కట్టుకుంటూ పోయాం. నేను మీటరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను, నెల్డా వాల్వుల దగ్గర నుంచి కేకేసి చెబుతోంది. ఓపల్ వరుస కట్టినా ముల్లు తిరుగుతూనే ఉంది. డెల్మర్ వరుస కట్టినా తిరుగుతూనే ఉంది. బట్టలుతికే గదికి వెళ్లే పైపు కట్టగానే ఆగింది. శుక్రవారం ఆ గది వెనక గోడ పక్కన తవ్వితే నడుము లోతు కూడా పోకుండానే పగులు కనబడింది. కారిన నీళ్లన్నీ పాత మురుగు గొట్టంలోకి జారిపోతున్నాయి, అందుకే నేల పైన తడి కనబడలేదు. సాయంత్రానికి అతుకు పడింది, చేపల విందు ఆగకుండా జరిగింది.

విందులో డెల్మర్ తన సంగతి వివరించాడు. భూమి కింద నీళ్లు అడ్డంగా పారతాయి, తన తీగలు పారే దారిని పట్టుకున్నాయి తప్ప పగులును కాదు అన్నాడు. అందరూ తలలు ఊపారు. ఒకాయన లేచి అతని వీపు తట్టాడు. నన్ను కూడా ఒకరిద్దరు పలకరించారు, పేకాటకు రమ్మన్నారు. ఓపల్ విందుకు రాలేదు. ఆమె కడ్డీల గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆమె కోసం అడ్డంగా పారే నీళ్లు ఎవరూ కనిపెట్టలేదు.

మర్నాడు నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. జాగా ఇక ఎక్కడికీ పోదని, నెల్డా కూడా అదే చెప్పిందని చెప్పాను. ఆమె అరుగు మీద కుర్చీలో కూర్చుని నారింజ తొక్క తీస్తోంది. నన్ను కూర్చోమనలేదు.

“నేను నాటకం ఆడాననుకున్నావు కదూ.”

“అనుకున్నాను,” అన్నాను.

“కడ్డీలు వాటంతట అవే తిరిగాయి, అర్విడ్. నేను తిప్పలేదు. హార్లన్ నా మణికట్లు పట్టుకుని తిప్పినట్టే అనిపించింది.”

“నువ్వు తిప్పలేదని నాకు తెలుసు,” అన్నాను. “ఎవరూ కావాలని తిప్పరు.”

“అయితే ఆయన చూపించిన బావుల సంగతేమిటి? ఒక్కదాంట్లో నీళ్లు పడకుండా పోలేదే. ఇప్పుడు కూడా ఊళ్లో మా ఇంట్లో ఆయన చూపించిన బావి నీళ్లే తాగుతాం. అది కూడా ఉత్తదేనా?”

ఆ జిల్లా నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నేలంతా నేనే కొలిచాను. రెండు నిలువుల కింద, జిల్లా ఈ కొస నుంచి ఆ కొస దాకా, నీళ్లతో నిండిన కంకర పొర ఉంది. పాత మంచునది వదిలి వెళ్లినది. నాకు తెలియదని చెప్పి ఉండవచ్చు. అది అబద్ధం అయి ఉండేది. ఎవరికీ పెద్ద నష్టం చేయని అబద్ధమని ఐరీన్ తర్వాత చాలాసార్లు అంది.

“అక్కడ ఎక్కడ తవ్వినా నీళ్లు పడతాయి, ఓపల్.”

ఆమె తొక్క తీయడం ఆపలేదు. మొత్తం తీసి, తొనలు విడదీసి, పళ్లెంలో పెట్టి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు గట్టిగా వేయలేదు. మామూలుగా వేసింది.

సోమవారం ఆమె ఆఫీసుకు వెళ్లి, వేరే జాగా కావాలని అడిగింది. మూల జాగా వదులుకోవడానికి కారణమేమిటని నెల్డా అడిగిందట. నీడ ఎక్కువైందని చెప్పిందట. ఆ సాయంత్రం నెల్డా మా గుమ్మం ముందు ఆగి, “మిస్టర్ అర్విడ్, మీరు ఆవిడతో ఏమన్నారు?” అని అడిగింది. చెప్పాను. ఆమె కాలువ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మంగళవారం, నేలలోకి దిగిపోయిన చక్రాలను జాకీలు పెట్టి లేపడానికి సగం రోజు పట్టింది. ట్రైలర్ కదిలినప్పుడు అడుగున తెల్లటి గడ్డి నలుచదరంగా బయటపడింది. ఖాళీగా ఉన్నది, లైల్ తన ట్రైలర్‌ను ముందే గేటు దగ్గరికి తీసి వదిలిన హైవే పక్క చోటే కనుక, ట్రాక్టరు దాన్ని అక్కడికే లాగింది. ఓపల్ ముందు నడిచింది, మా ట్రైలర్ పక్క నుంచే, తల తిప్పకుండా.

బుధవారం లైల్ తన బండికి ట్రైలర్ తగిలించి ఓపల్ వదిలిన జాగాలోకి వచ్చాడు. కొత్త జాగా ఇరుకైన మలుపులో ఉంది, వెనక్కి తోలడం అతనికి చేతకాలేదు, రెండుసార్లు చెట్టు కొమ్మకు తగిలించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, కొంచెం వెనకాల నిలబడి దారి చూపించమని నన్నడిగాడు. పక్కింటివాళ్లు చేయవలసిన పనే అది. వెళ్లి నిలబడ్డాను. చేయి ఎత్తి, ఎడమకు, ఇంకా ఎడమకు, ఇప్పుడు తిన్నగా అని చూపిస్తూ, ట్రైలర్ తెల్లగడ్డి మీదికి వచ్చి సరిగ్గా కూర్చునేదాకా నడిపించి, అరచేయి చూపించి ఆపాను.